జ్ఞానమ్మ కాలు, అప్పాయమ్మ నడుము

రండర్రా, ఇలా దగ్గరకి జరగండి. ఆ టీవీ కట్టేసి, వీధి తలుపు దగ్గరగా వేసి మరీ కూర్చోండి. ఈ వారం చెప్పబోయేది తన్నుల సంగతి. వీధిలోకి వినపడితే బాగోదు.

కిందటి వారం అప్పాయమ్మని ఎక్కడ వదిలేశాం? వాకిట్లో, తడి వల మూట మీద రెండు చేతులూ వేసి, సగం వంగి, పైకి లేవలేక కిందకి కూలబడలేక, "ఓరి నాయనో" అన్న దగ్గర కదూ! ఆ వంగిన మనిషిని వంగినట్టే పట్టుకుని నలుగురూ ఇంట్లోకి తెచ్చారు. మెత్తటి పరుపు నడుముకి చేటని ఎవరో అంటే, ఆమె మొగుడు త్రిమూర్తులు పడవలోంచి చెక్క ఒకటి ఊడదీసుకొచ్చి నేల మీద వేశాడు. దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇంక కదలకు" అన్నారు.

అప్పాయమ్మ కదల్లేదు. వెల్లకిలా పడుకున్న మనిషికి లోకంలో కనపడేదెంత? పైన ఒక ఫ్యాను, ఫ్యాను పక్కన ఒక బల్లి. మిగతా సంసారమంతా చెవులతో చూసుకోవాల్సిందే. వంటింట్లో కోడలు వీరదుర్గ పులుసులో చింతపండు ఎక్కువ పిసుకుతోందని చెవులతోనే కనిపెట్టింది.

"దుర్గా! అది చేపల పులుసా, చింతపండు పులుసా?"

"మీకెలా తెలిసిందత్తా?"

"పిసికే చప్పుడు వినపడట్లేదేంటి!"

నొప్పి నొప్పే. ఒత్తిగిలితే నొప్పి, దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి. కానీ అప్పాయమ్మని తినేస్తున్నది నొప్పి కాదు. ఎల్లుండి తెల్లారితే వేట నిషేధం తీరిపోతుంది. వేసవంతా ఒడ్డున ఎండిన పడవలన్నీ మళ్లీ సముద్రంలోకి దిగుతాయి. త్రిమూర్తులుకీ అతని తమ్ముడికీ ఉమ్మడిగా ఒక పడవ ఉంది. వేట మొదటిరోజు దాని మొనకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మ పేరు తలుచుకుని కొబ్బరికాయ కొట్టి పంపేది ఆ ఇంటి పెద్దకోడలు. అత్తగారి చేతిలోంచి ఆ పసుపు గిన్నె అప్పాయమ్మ చేతికొచ్చింది. ఆ ఇంట్లో ఒక పట్టింపు కూడా ఉంది. చెయ్యి ఒకసారి మారిందంటే మారినట్టే, మళ్లీ పాత చేతికి రాదు. సముద్రం కొత్త చేతికి అలవాటు పడిపోతుందిట.

ఎల్లుండికి అప్పాయమ్మ లేవకపోతే గిన్నె తోడికోడలు జ్ఞానమ్మ చేతికి పోతుంది. పోతే ఇక అంతే.

అందుకే వీధి వీధంతా కదిలొచ్చింది. ఒకామె ఇసుక వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. ఇంకొకామె వావిలాకు ఉడకబెట్టిన నీళ్లు తెచ్చింది. మరొకామె నువ్వులనూనెలో కర్పూరం వేసి రాసింది. రాసినంతసేపూ తన నడుం నొప్పి కథే చెప్పింది. కొడుకు లోకనాథ్ నరసాపురం వెళ్లి నడుం బెల్టు తెచ్చాడు. కొలత చూడకుండా తెచ్చాడు. అది బిగిస్తే నడుము మాటేమో గానీ ఊపిరి ఆగింది.

"ఒరే, తియ్యరా దీన్ని! వలలో పడ్డ పండుగొప్పని చేశావు నన్ను!"

"కొట్టువాడు అందరికీ సరిపోద్దన్నాడమ్మా."

"అందరూ అంటే ఎవర్రా, బడి పిల్లలా?"

త్రిమూర్తులుని ఏమంటావని అడిగారు. అతను "ఊఁ" అన్నాడు. పెళ్లైనప్పటి నుంచీ ఆయన అంటున్నది అదే.

చివరికి వీధంతా ఒక్క మాట మీదకొచ్చింది. తన్నించాలి.

మన వైపు ఇది మామూలే కదా. తల కాకుండా కాళ్లు ముందొచ్చి పుట్టినవాళ్లు ఉంటారే, వాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. నడుం పట్టినవాళ్లు గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకోవాలి, వాళ్లొచ్చి ఎడమకాలితో తన్నాలి. ఆ ఒడ్డున ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లలో పెద్ద పేరు చిట్టియ్యది. ఆయనేమో తన నడుమే పట్టేసి కూతురింట్లో మంచం మీదున్నాడు. ఎంత పేరున్న కాలైనా తన నడుముని తాను తన్నుకోలేదు కదా! ఇక మిగిలింది ఒకే ఒక్క కాలు. జ్ఞానమ్మది.

అసలు అప్పాయమ్మ నడుము పట్టేయడానికి కారణమే జ్ఞానమ్మ. "అక్కకి వయసైపోయింది, వల మూట మనం మోద్దాంలే దుర్గా" అని ఆ రోజు అననే అంది. ఆ మాట చెవిన పడ్డాక అప్పాయమ్మ ఆగుతుందా? ఒక్కతే వంగి ఎత్తింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

జ్ఞానమ్మ వచ్చింది. గుమ్మం అవతలే నిలబడింది.

"దుర్గా, తన్నమంటుందో వద్దంటుందో మీ అత్తనడుగు."

అప్పాయమ్మ బల్లితో చెప్పినట్టు పైకి చూస్తూ అంది. "దుర్గా, మీ చిన్నత్తతో చెప్పు. నేనేమీ పిలవలేదని."

"పిలవకుండా తన్నడానికి నాకేం పని లేదనుకుందా అని అడుగు."

"పని లేకే కదా పొద్దున్నించీ ఈ గుమ్మం చుట్టూ తిరుగుతోంది అని చెప్పు."

వీరదుర్గ గరిటె పట్టుకుని మధ్యలో నిలబడింది. "ఇద్దరికీ మధ్య గుమ్మం ఒక్కటే ఉందత్తా. మీరే మాట్లాడుకోండి. నా కూర అడుగంటిపోతోంది."

"తంతాను," అంది జ్ఞానమ్మ, వీధంతటికీ వినపడేలా. "కానీ నోటితో అడగాలి. 'జ్ఞానం, నన్ను తన్ను' అనాలి. ఊరందరూ అడిగే తన్నించుకున్నారు."

అప్పాయమ్మ కళ్లు మూసుకుంది. ఫ్యాను కిర్రుమంది.

"ఈ చెక్క మీదే పోతాను గానీ అడగను," అంది అప్పాయమ్మ.

"అయితే ఎల్లుండికి పసుపు నేను నానబెట్టుకుంటాను," అనేసి జ్ఞానమ్మ వెళ్లిపోయింది.

*

ఆ సాయంత్రం లోకనాథ్ ఊరి ఆస్పత్రికి వెళ్లి డాక్టరమ్మని బండి మీద ఎక్కించుకొచ్చాడు. పేరు ఆశాజ్యోతి. మన మనవరాళ్ల ఈడు పిల్ల, ఈ మధ్యనే వచ్చింది. రాగానే ఆ చెక్కని, దాని మీద మనిషిని చూసి, "ఇదేంటండీ, ఎవరైనా పోయారా?" అంది.

"ఇంకా లేదమ్మా," అంది అప్పాయమ్మ.

"ఎలా పట్టేసిందండి?"

"తుమ్మానండి."

"తుమ్మితేనే?"

"గట్టిగా తుమ్మానండి."

కిటికీ అవతలి నుంచి జ్ఞానమ్మ గొంతు వినపడింది. "ఆయ్, తడి వల మూటంత తుమ్మండీ!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని పక్కన కూర్చుంది. ఒక్కో కాలూ ఎత్తి చూసింది. పాదాలతో తన చెయ్యి నొక్కమంది. వేళ్ల మీద గీసి, తెలుస్తోందా అని అడిగింది. నొప్పి కాళ్లలోకి దిగుతోందా, తిమ్మిరా, జ్వరమేమైనా వచ్చిందా, అన్నీ అడిగి, చివరికి, "ఒంటికీ రెంటికీ మామూలుగా తెలుస్తోందా?" అంది.

"అదేం మాటమ్మా, మగాళ్లున్నారు!"

"చెప్పాలండి. అది అన్నిటికంటే ముఖ్యం."

"తెలుస్తోందమ్మా, తెలుస్తోంది. లేవలేకే బాధ గానీ."

"ఈమధ్య బాగా చిక్కిపోయారా?"

"చిక్కానా! దుర్గా, నా కిందటేడు జాకెట్టు తెచ్చి డాక్టరమ్మకి చూపించు."

డాక్టరమ్మ తేల్చి చెప్పింది. కండరం బెణికింది, అంతే. నరానికి ఏమీ కాలేదు, ఇప్పటికి ఎక్స్‌రే అక్కర్లేదు. "బజారులో పొద్దస్తమానం పీట మీద వంగి చేపలు కోస్తారు, తట్ట ఒకే పక్కన పెట్టుకుని ఒరిగి నడుస్తారు. మీ నడుము ఎన్నాళ్లనుంచో మీతో చెబుతూనే ఉందండి. ఆ రోజు వల మూట దగ్గర అరిచింది."

"మరి మందేంటమ్మా?"

"నొప్పికి బిళ్లలిస్తాను, కొద్దిరోజులు, అన్నం తిన్నాకే వేసుకోండి. ఆ ఇసుక మూట మంచిదే, చర్మం కాలకుండా చూసుకోండి. బెల్టు వద్దు. అసలు మందు మాత్రం లేచి తిరగడం. చాలామందికి ఇలాంటివి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఇలా కట్టెలా పడుకుంటేనే ఆలస్యం."

"వాటంతటవేనా?" అంది అప్పాయమ్మ నమ్మకం లేనట్టు.

"వాటంతటవే."

కిటికీ అవతల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

డాక్టరమ్మ లేవడం నేర్పింది. ఉన్నపళంగా లేవకూడదట. ముందు పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు మడిచి, చేతుల మీద బరువేసి, పసిపిల్ల పాకడానికి లేచినట్టు లేవాలి. అప్పాయమ్మ మధ్యలో ఇద్దరు దేవుళ్లని తలుచుకుంది, ఒకసారి త్రిమూర్తులుని తిట్టింది, లేచి నిలబడింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. అన్ని గంటల తరవాత పైనున్న బల్లిని కాకుండా, నిలబడి ఎదురుగా ఒక మొహాన్ని చూసేసరికి ఆమెకి కళ్లనీళ్లొచ్చాయి. ఆ మొహం కిటికీ దగ్గరున్న జ్ఞానమ్మది కావడం వేరే సంగతి.

"ఇంకొకటి," అంది డాక్టరమ్మ చెప్పులేసుకుంటూ. "ఇక్కడ ఎవరో నడుము మీద తంతారని విన్నాను. ఈ వయసులో ఎముకలు గుల్లబారి ఉంటాయి, తన్నితే నిజంగానే విరుగుతాయి. వద్దే వద్దు. కాలు మొద్దుబారినా, పాదం ఈడ్చుకుపోయినా, ఒంటికీ రెంటికీ తెలియకపోయినా, కాపడాలూ తన్నులూ అనుకుంటూ ఒక్క పూట కూడా ఆగకండి. తిన్నగా పెద్దాస్పత్రికి వెళ్లిపోవాలి."

*

మర్నాటికి అప్పాయమ్మ గుమ్మం దాకా తిరుగుతోంది. కానీ నెమ్మదిగా, పెళ్లికూతురిని నడిపించినట్టు. కొన్ని వారాలు అంది డాక్టరమ్మ. పడవలు వారాలు ఆగుతాయా?

మధ్యాహ్నం పక్కింట్లోంచి పసుపు వాసనొచ్చింది. జ్ఞానమ్మ మొగుణ్ని కేకేస్తోంది. "కొబ్బరికాయ పీచు బాగా ఉన్నది తే! పోయినేడాది అక్క కొట్టింది కుళ్లింది!"

"అది కుళ్లలేదు!" అంది అప్పాయమ్మ గోడతో.

కాసేపు అటూ ఇటూ తిరిగింది. కూర్చుంది. లేచింది. ఆఖరికి చెంగు నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని, పక్కింటికి బయల్దేరింది. పెద్ద మాటలు అనుకున్నాక ఆ గుమ్మం తొక్కడం ఆమె ఎరగదు. ఎప్పుడైనా అటువైపు నుంచే ముందు రావాలి.

జ్ఞానమ్మ వసారాలో కూర్చుని చేటలో ఎండు రొయ్యలు ఏరుతోంది.

అప్పాయమ్మ ఇటూ అటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు.

"జ్ఞానం. నన్ను తన్ను."

చేట ఆగిపోయింది.

"ఇవాళ మంగళారం," అంది జ్ఞానమ్మ.

"బుధవారమే!"

"అమావాస్య దగ్గరలో ఉంది."

"నిన్ననేగా పున్నమి వెళ్లింది!"

"నా కాలికి ముల్లు గుచ్చుకుందక్కా."

"ఏ కాలికి?"

"రెంటికీ."

"ఒసేయ్, నోటితో అడగమన్నావు, అడిగాను. ఇంకేం కావాలి? నీ కాళ్లు పట్టుకుని తన్నమని బతిమాలమంటావా?" అంటూనే అప్పాయమ్మ మెల్లగా మోకాళ్ల మీదకి దిగి, గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకుంది. ఇప్పుడు ఆమెకి కనపడేది జ్ఞానమ్మ పాదాలు మాత్రమే. మెట్టెలున్న ఎడమ పాదం పైకి లేచింది. మళ్లీ దిగిపోయింది. ఇంకోసారి లేచింది. ఇంకోసారీ దిగిపోయింది.

తరవాత జ్ఞానమ్మే దబ్బున కింద కూలబడింది.

"అక్కా, నేను తలతోనే పుట్టాను."

అప్పాయమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏంటీ?"

"తలతోనే పుట్టానే తల్లీ! అందరిలాగే. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నన్ను లెక్కచేసినవాళ్లెవరు ఈ ఇంట్లో? నువ్వు బజారుకెళ్లి గలగలా మాట్లాడి వచ్చేదానివి, అందరూ నీ మాటే. నేను మూల కూర్చుని వల కుట్టుకునేదాన్ని. మావయ్యగారికి నడుం పట్టేస్తే చిట్టియ్య ఊళ్లో లేడు. మా అమ్మ చూడ్డానికొచ్చి, మా పిల్ల కాళ్లతోనే పుట్టిందండీ అనేసింది. నాకు కాస్త మర్యాద దొరుకుద్దని. ఏం చెయ్యను, తన్నాను. ఆయన నాలుగోరోజుకి లేచి తిరిగాడు."

"నాలుగోరోజుకి ఎలాగూ లేచేవాడే కదే!"

"అదేగా నిన్న డాక్టరమ్మ చెప్పింది! అది విని నా చేతిలో గిన్నె జారిపోయింది. ఇన్నాళ్లూ నా కాల్లో నిజంగానే ఏదో ఉందనుకున్నానక్కా, తలతో పుట్టినా సరే!"

అప్పాయమ్మ బోర్లా పడుకునే నవ్వడం మొదలెట్టింది. నవ్వుకి నడుము కలుక్కుమంది. "అమ్మో... నవ్వించకే... అమ్మో..." అంటూ మళ్లీ నవ్వింది. జ్ఞానమ్మ ఏడుస్తూ ఆమెని పట్టుకుని ఒత్తిగిల్లించింది.

"అందర్నీ తన్నావు. నన్నెందుకు తన్నలేదే? నన్ను తన్నాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"చాలాసార్లు అనిపించింది," అంది జ్ఞానమ్మ ముక్కు తుడుచుకుంటూ. "కానీ ఎముక విరుగుద్దంది కదా ఆ పిల్ల. నువ్వు మంచాన పడితే నేనెవరితో పోట్లాడను?"

వసారాలో ఎండు రొయ్యల మీద ఈగలు వాలాయి. ఇద్దరూ తోలలేదు.

"ఎవరికీ చెప్పవు కదక్కా?"

అప్పాయమ్మ చేతుల మీద బరువేసి మెల్లగా లేచింది. మూలనున్న పసుపు గిన్నె వైపు చూసింది.

"చూద్దాం," అంది.

*

పడవలు దిగే పొద్దున ఒడ్డంతా జనం. డప్పులు, పిల్లలు, ఇసుకలో అరటిపళ్ల గెలలు. ఆటో ఎక్కమన్నా అప్పాయమ్మ ఎక్కలేదు. గతుకుల కంటే నడకే మేలంది. ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ, త్రిమూర్తులు భుజం పట్టుకుని వచ్చింది. ఆమె రావడం చూడగానే డప్పులు కూడా ఒక దెబ్బ తప్పాయి.

"అప్పాయమ్మ లేచింది!"

"జ్ఞానమ్మ తన్నిందన్నమాట!"

"తన్నిందా పిన్నీ? తన్నిందా?"

జ్ఞానమ్మ అప్పటికే పడవ పక్కన నిలబడి ఉంది. కొత్త చీర. చేతిలో పసుపు గిన్నె. మొహంలో రక్తం చుక్క లేదు.

అందరూ అప్పాయమ్మ నోటివైపే చూస్తున్నారు. ఆమె ఆ గిన్నె వైపు చూసింది. ఒక్క మాటంటే చాలు, జ్ఞానమ్మ ఈ ఒడ్డున తలెత్తుకోలేదు, గిన్నె అడిగే మొహం ఇక ఉండదు.

"తన్నింది," అంది అప్పాయమ్మ. "ఏం తన్ననుకున్నారు! కళ్ల ముందు నక్షత్రాలు కనపడ్డాయి."

డప్పులు దద్దరిల్లాయి. జ్ఞానమ్మ వచ్చి గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

అప్పాయమ్మ మొనకి పసుపు రాసింది, నడుము తిప్పకుండా పాదాలే తిప్పుకుంటూ. బొట్టు పెట్టింది. కింది భాగం దగ్గరికొచ్చేసరికి ఆగింది. "ఒసేయ్ జ్ఞానం, ఇక్కడ నుంచి నువ్వు రాయి. నన్ను వంగొద్దన్నారు."

"చెయ్యి మారుద్దేమో అక్కా."

"నా చెయ్యి పైనుంది కదే, మారడమేంటి! రాయి."

కొబ్బరికాయ కొట్టింది. తెల్లగా పగిలింది. కుళ్లలేదు. అది జ్ఞానమ్మకి చూపించి మరీ పక్కన పెట్టింది.

లోకనాథ్, అతని బాబాయి పడవెక్కారు. కుర్రాళ్లు భుజాలేసి తోశారు. పడవ అలల మీదకి వెళ్లిపోయింది. అంతా అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

అప్పుడే జనాన్ని తోసుకుంటూ వీరదుర్గ తండ్రి పల్లంరాజు వచ్చాడు. అల్లుణ్ని సాగనంపడానికి పక్క పల్లె నుంచి వచ్చిన వియ్యంకుడు. భారీ మనిషి. నాలుగు రోజులుగా నడుం నొప్పిట, ఎవరికీ చెప్పలేదుట.

"జ్ఞానమ్మ చెల్లెమ్మా! అప్పాయమ్మ చెల్లెమ్మని నిలబెట్టావు, నన్ను కూడా ఒక్క తన్ను తన్నాలి!" అని, చొక్కా పైకి లాక్కుని, ఇసుకలో బోర్లా పడుకున్నాడు. తిమింగలం ఒడ్డుకి కొట్టుకొచ్చినట్టుంది.

జనం చుట్టూ మూగారు. "తన్ను జ్ఞానమ్మా, తన్ను!"

అప్పాయమ్మ నవ్వబోయి, అతని కాళ్ల వైపు చూసి ఆగిపోయింది. ఒక్క కాలికే చెప్పుంది.

"అన్నయ్యగారూ, రెండో చెప్పేదండీ?"

"ఏ చెప్పు?"

"మీ ఎడమకాలి చెప్పు."

పల్లంరాజు మెడ తిప్పి చూసుకున్నాడు. "లేదా? ఎక్కడో జారిపోయుంటుంది. ఆ కాలు నిన్నటినుంచీ మొద్దుబారి నాదో పరాయిదో తెలియట్లేదు చెల్లెమ్మా. జ్ఞానమ్మ తన్నితే అన్నీ సర్దుకుంటాయిలే."

అప్పాయమ్మ గబుక్కున జ్ఞానమ్మ వైపు చూసింది. జ్ఞానమ్మ ఆమె వైపు చూసింది. డాక్టరమ్మ చెప్పులేసుకుంటూ అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. జనం మాత్రం చప్పట్లు కొడుతున్నారు. ఇంతకుముందే కదా, తన్నింది, లేచాను, అని తన నోటితోనే చెప్పింది! ఇప్పుడు కాదంటే తను అబద్ధాలకోరు, జ్ఞానమ్మ దొంగ. తన్నమంటే ఆ మనిషి కాలు పోతుంది.

"ఆగండి!" అంది అప్పాయమ్మ. గొంతు బజారు గొంతు. డప్పులు ఆగాయి. "జ్ఞానం కాలు ఇదివరకట్లా కాదండి. ఇప్పుడు దానికి ఒక నియమం వచ్చింది. డాక్టరమ్మ చూసి సరేనన్న నడుముకే అది పనిచేస్తుంది. నన్ను ముందు ఆశాజ్యోతిగారు చూశారా లేదా? చూశాకే నేను లేచాను. చూడకుండా తన్నితే ఎదురు తిరుగుద్ది."

"అలాగా!" అన్నారు జనం.

"ఆయ్, అలాగే," అంది జ్ఞానమ్మ, ఊపిరి వదులుతూ.

వీరదుర్గ ఇవేవీ వినలేదు. తండ్రి కాలు గిల్లి చూసింది, ఆయనకి తెలియలేదు. "నాన్నా, లేవండి. ఆటో పిలిచాను. ముందు డాక్టరమ్మ దగ్గరకి, ఆవిడ చెబితే అటునుంచి అటే పెద్దాస్పత్రికి."

పల్లంరాజుని నలుగురూ పట్టి ఆటోలో కూర్చోబెట్టారు. ఆయన కూర్చున్నాడు, కానీ ఖాళీ చేతులతో కాదు. జ్ఞానమ్మ మణికట్టు పట్టుకుని లాగేశాడు.

"నువ్వూ రా చెల్లెమ్మా! ఆవిడ చూసి సరే అనడమేంటి, అక్కడే, ఆవిడ ముందే తన్నేద్దువుగాని. ఒక పనైపోతుంది!"

ఆటో కదిలింది. జ్ఞానమ్మ తల బయటపెట్టి, "అక్కా! నువ్వూ రావే అక్కా!" అని అరిచింది. దుమ్ములో ఆమె మొహం చిన్నదైపోయింది.

అప్పాయమ్మ పరుగెత్తలేదు. మెల్లగా, నడుముతో కాకుండా ఒళ్లంతటితో మొగుడివైపు తిరిగింది.

"ఏమయ్యా, తెల్లారుజామున వలలు తెచ్చి ఇక్కడే వదిలిన నీ మోపెడ్ తియ్యి. గతుకులు తప్పించి తోలు. ఆ డాక్టరమ్మ ముందు దాని గుట్టు బయటపడితే మళ్లీ..." అని నాలిక కరుచుకుంది.

త్రిమూర్తులు తాళం తీసి బండికి పెట్టాడు. ఆమె వైపు చూడకుండా, సముద్రం వైపు చూస్తూ నోరు తెరిచాడు.

"జ్ఞానమ్మ తలతోనే పుట్టిందని మా నాన్నకి తెలుసు. పుట్టినప్పుడు చూసిన మంత్రసాని మా మేనత్తే. కొత్తకోడలికి కాస్త మర్యాద దక్కుద్దిలే అని నోరెత్తకుండా తన్నించుకున్నాడు."

అప్పాయమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నీకు తెలుసా! ఇన్నాళ్లూ తెలుసా! ఇంకా ఎంతమందికి తెలుసయ్యా?"

"ఊఁ," అన్నాడు త్రిమూర్తులు, బండి స్టార్ట్ చేస్తూ.

ఇక్కడికి ఇది గుర్తుపెట్టుకోండర్రా. మీ ఇంట్లో ఎవరైనా నడుం పట్టుకుని మూలుగుతుంటే ఆ చెక్క మీద కట్టెలా పడుకున్న అప్పాయమ్మ కథ చెప్పి, మెల్లగా లేపి నాలుగడుగులు నడిపించండి. కాలి చెప్పు జారినా తెలియని మనిషి కనపడితే పల్లంరాజు కథ చెప్పి, ముందు ఆటో ఎక్కించండి. నేను చెప్పినట్టే చెప్పండి, ఏదీ వదలకండి. జ్ఞానమ్మ ఎలా పుట్టిందన్న ముక్క మాత్రం ఆ ఒడ్డు వాళ్లెవరూ దగ్గర లేకుండా చూసుకుని చెప్పండి.